పెద్ద లేని జట్టుకు తాంబూలం

యాంగోన్ వెళ్ళొచ్చానని చెప్పగానే మా వీధిలో అందరూ ఒకటే ప్రశ్న వేస్తున్నారు: బంగారు గోపురం చూశావా అని. చూశాను. బాగుంది. చెప్పులు విప్పి ఎండలో నడిస్తే అరికాళ్ళు కాలాయి. దాని గురించి రాసినవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు కాబట్టి నేను రాయను. నేను వెళ్ళింది పంక్ పాటలు వినడానికి. అరవై దాటిన ఆడమనిషి మోకాళ్ళకు పట్టీలు బిగించుకుని పంక్ పాటల కోసం సముద్రం దాటిందా అని నవ్వదలచుకున్నవాళ్ళు ఇక్కడే నవ్వేసుకుంటే, మిగతా కథ సాఫీగా చెప్పుకుపోతాను.

వయసులో ఉన్నప్పుడు నేను విశాఖ ఉక్కు కర్మాగారంలో రష్యన్ దుబాసీని. అక్కడికి వచ్చిన రష్యన్లలో కోల్యా అనే కుర్ర ఇంజనీరు ఒకడు ఉండేవాడు. వాడి దగ్గర ఒక క్యాసెట్ ఉండేది. ఎవరింటి వంటగదిలోనో రికార్డు చేసిన పాటలు. గిటారు వెనక గిన్నెల చప్పుడు కూడా వినిపించేది. కిటికీలు మూసి, గొంతు తగ్గించి వినేవాడు. "ఇందులో ఏముందని ఇంత భయం?" అని అడిగితే, "ఎవరూ ఎవరికీ యజమాని కాదని ఉంది" అన్నాడు. అంతేకదా అనుకుని నా పని నేను చూసుకున్నాను.

ఇన్నేళ్ళ తర్వాత యాంగోన్ నుంచి ఫోన్‌లో ఒక గొంతు వచ్చింది. మా అమ్మమ్మ చెల్లెలు యుద్ధకాలంలో బర్మా వదిలిన మనవాళ్ళతో పాటు తిరిగి రాకుండా, అప్పట్లో రంగూన్ అనే ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. ఆవిడ కూతురు పైడమ్మ నాకు పిన్ని. ఆ పిన్ని మనవరాలు పద్మ. ఆ పిల్ల పంపిన కబురు ఇది: "అత్తా, నీకు రష్యన్ వచ్చంట కదా? మా బ్యాండ్ రష్యన్ సాంగ్స్ పాడీస్తంది. మీనింగ్ తెల్దు. నువ్వొచ్చి సెప్పీయవా?" దాంతో పాటు ఒక పాట. వింటే గిన్నెల చప్పుడు ఒక్కటే తక్కువ. కోల్యా క్యాసెట్‌లోని ఆవేశమే, అదే తొందర, అదే అరుపు. నేను వారం తిరక్కుండా వీసాకి పెట్టేశాను.

మింగళాడోన్

మింగళాడోన్ విమానాశ్రయంలో డబ్బు మార్చుకునే చోటే నాకు మొదటి పాఠం అయింది. నా డాలరు నోటుకు మధ్యలో ఒక మడత ఉంది. కౌంటర్లో అమ్మాయి దాన్ని దీపానికి ఎత్తి పట్టుకుని చూసి, ఎంతో మర్యాదగా, రెండు చేతులతో నాకే తిరిగి ఇచ్చేసింది. మడత పడ్డ నోటు అక్కడ చెల్లదట. మన దగ్గర టేపు అంటించిన నోటు కూడా బస్సు కండక్టరు చేతిలో దాటించేయొచ్చు కదా. ఒక పుస్తకంలో పెట్టి ఇస్త్రీ బట్టలా తెచ్చుకున్న మరో నోటు నన్ను కాపాడింది.

బయట పద్మ నిలబడి ఉంది. తల ఒక పక్క నున్నగా గొరిగించుకుంది. రెండో పక్క జుట్టుకు ఆకుపచ్చ రంగు, అందులో మూర మల్లెపూలు. బుగ్గలకు అక్కడి ఆడవాళ్ళు పూసుకునే థనఖా చెక్క గంధం. వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టి, "పూలు మామ్మ పెట్టింది, అత్తా. పెట్టకపోతే ఎయిర్‌పోర్టుకి ఎల్లనీను అంది" అని సంజాయిషీ ఇచ్చుకుంది.

టాక్సీలో స్టీరింగు మన దగ్గరలాగే కుడివైపు ఉంది, బండి నడిచేది కూడా కుడివైపే. దాంతో ఎదురు బండిని దాటాలంటే డ్రైవరుకు ఏమీ కనపడదు. పక్కన కూర్చున్న నేను కనపడినదల్లా అరిచి చెప్పాను. అతను నవ్వుతూ తలూపాడు గానీ నా తెలుగు అతనికి ఏం పనికొచ్చిందో తెలియదు. దారిలో పాటల సంగతి ఎత్తబోతే పద్మ నా చెయ్యి నొక్కి, "టాక్సీలో ఒద్దత్తా. ఇంటికెల్లి మాటాడుకుందాం" అంది మెల్లగా. సైన్యం ఏలుతున్న యాంగోన్‌లో ఇప్పుడు కొన్ని మాటలు ఇంటికి వెళ్ళాకే మాట్లాడుకుంటారు. నాకు కోల్యా మూసిన కిటికీలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

తామ్వే

పైడమ్మ పిన్నికి ఎనభై దాటాయి. తామ్వే పేటలో, వీధిలోకి తెరుచుకునే గదిలో ఇడ్లీ, గారె, జంతికలు అమ్ముతుంది. పద్మ అమ్మానాన్నలు మాండలేలో దుకాణం నడుపుతున్నారు. ఉద్యోగం ఇక్కడ కాబట్టి పద్మ నాయనమ్మ దగ్గర ఉంటోంది. పిన్ని నన్ను గడపలోనే ఆపి, ఎగాదిగా చూసి, నా బుగ్గలు పుణికింది.

"ఏటే సావిత్రీ, ఇంతలావైపోనావు! ఇమానం ఎలగ మోసిందే నిన్ను?"

ఎన్నడూ చూడని మనిషి ఇలా పలకరించేసరికి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా అమ్మ ఉంటే ఇదే మాట అనేది.

మర్నాడు పొద్దున మొహింగా పెట్టింది. అది చేపల పులుసులో సేమియాలాంటి బియ్యపు నూడుల్స్ వేసి బర్మావాళ్ళు రోజూ తినే ఫలహారం. బయట బండి మీద కొంటే ఒక గిన్నె మన కాఫీ టిఫినుకయ్యే ఖరీదే. పిన్ని దాంట్లో చింతపండు ఎక్కువ పోసి, ఇంగువ తాలింపు పెట్టి, పైన గారెను విరిచి వేస్తుంది. పొద్దున్నే చేపలేమిటని మొహం చిట్లించిన నేను రెండో గిన్నె అడిగాను. మూడోది అడగడానికి సిగ్గుపడ్డాను గానీ, ఆవిడే పోసింది.

తింటుండగా కరెంటు పోయింది. వెంటనే వీధంతా జనరేటర్ల మోత. పిన్ని ఏమీ జరగనట్టు అదే గొంతుతో, కొంచెం పెంచి, ఊళ్ళో మా బంధువులందరి పెళ్ళిళ్ళూ ఒక్కొక్కటిగా అడిగింది.

చౌక్తడా

పద్మ పని చేసే ఓడల కంపెనీ ఆఫీసు ఊరి నడిబొడ్డున చౌక్తడాలో ఉంది. పాత బ్రిటిషు మేడలు, గోడల పగుళ్ళలో రావిమొక్కలు, మెట్ల కింద టైపు మిషన్లు పెట్టుకున్న లాయర్ గుమాస్తాలు. మధ్యాహ్నం సెలవులో పద్మ నన్ను టీ దుకాణానికి తీసుకెళ్ళింది. అక్కడ పిల్లలు కూర్చునేటంత పొట్టి స్టూళ్ళు. కూర్చోవడం ఎలాగో కూర్చున్నాను, లేవడానికి ఇద్దరు సాయం పట్టారు. వడ్డించేవాళ్ళను పిలవడానికి ఆ దేశంలో ముద్దు పెడుతున్నట్టు చప్పుడు చేస్తారు. పక్క బల్ల దగ్గర ఒక పెద్దమనిషి అలా చప్పుడు చేసేసరికి నేను పమిట సర్దుకుని గుర్రుగా చూశాను. పద్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

జట్టులో నలుగురు, మిగతా ముగ్గురూ ఆ పూట పని మానుకుని అక్కడికే వచ్చారు. పద్మ పాడుతుంది. కో జా గిటారు, అదే వీధిలో ఫోన్లు బాగుచేస్తాడు. మా ఎయ్ పిల్లల బడిలో టీచరు, లావు తీగల గిటారు వాయిస్తుంది. వీళ్ళిద్దరూ బర్మావాళ్ళు. మన అన్న, అక్కల్లాగే వాళ్ళు పేరు ముందు కో, మా అని పెడతారు. నాలుగోవాడు అప్పన్న, తెలుగువాడు. మింగళాడోన్ వైపు చొక్కాల ఫ్యాక్టరీలో పని. అమ్మవారి సంబరాలకు డప్పు కొట్టే ఇంటి పిల్లవాడు, ఇక్కడ డ్రమ్ములు వాయిస్తాడు.

పాటలు వీళ్ళకు ఎలా దొరికాయంటే, రష్యాలో చదువుకొచ్చిన ఎవరిదో పాత ఫోను కో జా దగ్గరకు బాగుకు వచ్చిందట. సొంతదారు మళ్ళీ రాలేదు. అందులో ఈ పాటలున్నాయి. అర్థం తెలియకపోయినా రక్తం పొంగిందట. "తెలీని బాస కదత్తా, ఎంత అరిసినా ఎవులికీ కోపం రాదు" అన్నాడు అప్పన్న. ఆ ఒక్క మాటతో వాళ్ళు ఏ ఊళ్ళో పాడుతున్నారో నాకు పూర్తిగా అర్థమైంది.

అందుకని టీ దుకాణంలో నాలుగు తలలు దగ్గరకు చేర్చి, నేను గొంతు తగ్గించి, ఒక్కో పాటకూ అర్థం చెప్పాను, పద్మ బర్మా భాషలోకి మార్చింది. ఒకదాంట్లో మంచు, బురద, కంచెలు. కంచె ఎవరు వేశారని ఒకడు అడుగుతాడు, ఎవరికీ గుర్తుండదు, అయినా అందరూ కంచెకు రంగు వేస్తుంటారు. ఒకదాంట్లో హుకుం ఇచ్చేవాడికి గొంతు పోతుంది, ఆ ఊరివాళ్ళు ఆ రోజు పనులన్నీ మామూలుగానే చేసుకుంటారు. వీళ్ళకు బాగా ఇష్టమైన పాటలో పల్లవి ఒకటే: నాకు దొర లేడు, నేను ఎవరికీ దొరని కాను. మొదటి సగం అరవడం సులువు, రెండో సగమే కష్టమని ఆ పాడినవాడి గొంతులోనే తెలుస్తుంది. మనం అరాచకం అనే మాటను తిట్టుగా వాడతాం, ఊరు తగలబడితే ఆ మాట అంటాం. ఈ పాటల్లో ఏమీ తగలబడదు. ఒకరి మీద ఒకరు ఎక్కి కూర్చోకుండా బతకొచ్చా అని అడగడమే ఉంది, దాన్ని గుక్క పట్టి అడుగుతారు.

మా ఎయ్ అంతా విని కప్పు పక్కన పెట్టింది. తర్వాత పద్మ చేత నాకు చెప్పించింది: "మేము అర్థం తెలియకుండానే అలాగే ఉంటున్నాం."

ఆ మాట నిజమని భోజనం వేళకు తెలిసింది. ఈ జట్టుకు నాయకుడు లేడు. ఏదైనా నలుగురూ ఒప్పుకోవాలి, ఒక్కరు తల అడ్డంగా ఊపినా ఆగిపోతుంది. బిర్యానీయా నూడుల్సా అన్నది తేలేసరికి నా కడుపులో ఎలకలు పరిగెత్తడం మానేసి పడుకున్నాయి. మా ఇంట్లో మా నాన్న "ఉప్మా" అంటే అందరం ఉప్మా అనేవాళ్ళం, అయిదు నిమిషాల్లో ప్లేట్లు కడిగేసేవాళ్ళం. ఆ మాటే అన్నాను. అప్పన్న అడిగాడు, "నీకు ఉప్మా ఇష్టమేనా అత్తా?" నాకు ఉప్మా అంటే చచ్చేంత చిరాకు. నలుగురూ నా వైపు చూసి నవ్వారు. చివరికి బిర్యానీకి వెళ్ళాం, చాలా బాగుంది.

అక్కడే అసలు సంగతి బయటపడింది. అప్పన్నకు థాయిలాండులో పని దొరికింది. వారంలో వెళ్ళిపోతాడు. ఈ రోజుల్లో వెళ్ళిన కుర్రాళ్ళు ఎప్పుడు తిరిగొస్తారో ఎవరూ చెప్పరు. ఇన్నాళ్ళూ తలుపులు మూసి సాధన చేశారే గానీ, నలుగురూ కలిసి జనం ముందు ఒక్కసారి కూడా వాయించలేదు. తామ్వేలో మనవాళ్ళ అమ్మవారి సంబరం రెండు రోజుల్లో ఉంది. సంబరం మర్నాటి మధ్యాహ్నం భోజనాల హాల్లో, జనరేటరు ఉన్న చోట, ఒక్క అరగంట దొరికితే చాలు. ఆ హాలు సంగతి చూసేది పెద్దావిడైన మా పిన్ని.

"మామ్మ సరే అంటే జరుగుద్ది" అంది పద్మ. "అనకపోతే, ఇంక నేదు."

తమలపాకులు

సాయంత్రం నలుగురూ పిన్ని ముందు చాప మీద బుద్ధిగా కూర్చున్నారు. పద్మ అడిగింది. పిన్ని జంతికలు పిండుతూ విన్నది.

"వాయించుకోండి, నాకేటి. ఒకప్పుడు మనోలు తప్పెటగుళ్ళు ఆడీవోలు, ఆలదీ గోలే కదా. మీ జట్టుకి పెద్ద ఎవులు? ఆడికి తాంబూలం ఇస్తాను, అందుకోమను."

మన ఉత్తరాంధ్రలో ఇది తెలిసిన పద్ధతే. మేళం కానీ, కోలాటం కానీ, ఏ జట్టును పిలిచినా వాళ్ళ పెద్ద వచ్చి తాంబూలం అందుకుంటాడు. అందుకున్నాక మాట మాటే. ఆట సరిగ్గా జరిగినా అతని పేరే, గొడవ జరిగినా అతని పేరే.

పద్మ మొహం పాలిపోయింది. "మాకు పెద్ద నేరు, మామ్మా."

"పెద్ద నేకుండా జట్టేటే? రేపు వార్డు ఆఫీసోలు ఒచ్చి ఇది ఎవులు సేయించినారని అడిగితే నానేటి సెప్పాల?"

అందుకే పెద్ద లేరు. అది నాకు అప్పుడు తెలిసింది. ఒకరి పేరు పైన ఉంటే, రేపు ఏదైనా జరిగితే ఆ ఒక్కరి తలుపే కొడతారు. పేరు లేకపోతే ఎవరి తలుపూ కొట్టలేరు. ఈ పిల్లలు రష్యా పాట విని నేర్చుకున్న నియమం కాదు అది, ఒకరి మీద ఒకరికున్న ప్రేమ.

అయినా నా నోరు ఊరుకుంటే కదా! ఉక్కు కర్మాగారంలో ఇరవైమంది ఇంజనీర్లను ఒక్క కేకతో కూర్చోబెట్టినదాన్ని. "దీనికింత ఆలోచనెందుకు పిన్నీ? నేను పెద్దని. నాకివ్వు" అనేశాను. పిన్ని సంతోషంగా లోపలికెళ్ళి, పళ్ళెంలో రెండు తమలపాకులు, వక్క, అరటిపండు పెట్టి తెచ్చి మా మధ్య చాప మీద పెట్టి, కుంకుమ తేవడానికి మళ్ళీ లోపలికెళ్ళింది. ఆవిడ అటు తిరగగానే పద్మ నా మీద విరుచుకుపడింది. "అత్తా, నలుగురినీ అడగాల కదా! ఎలగ ఒప్పీసుకున్నావు?" నేను సమర్థించుకుంటున్నాను, అప్పన్న మధ్యలో వస్తున్నాడు, మా ఎయ్‌కి తెలుగు రాక ఎవరేమన్నారని అడుగుతోంది.

ఈ గొడవంతా తెలుగులో కదా. కో జాకి ఏమీ అర్థం కాలేదు. బర్మా ఇళ్ళలో అతిథి ముందు తమలపాకులు పెట్టడం మనం మంచినీళ్ళిచ్చినట్టు, తీసుకోకపోతే మర్యాద కాదు. పాపం పెద్దావిడ పెట్టింది, ఎవరూ ముట్టుకోవడం లేదని ఆ అబ్బాయి నొచ్చుకున్నాడు. రెండు ఆకులూ తీసి, వక్క వేసి, చక్కగా చుట్టి, బుగ్గన పెట్టుకున్నాడు.

పిన్ని కుంకుమ భరిణెతో వచ్చేసరికి పళ్ళెంలో అరటిపండు ఒక్కటే ఉంది. కో జా ఎర్రటి నోటితో ఆవిడకు నమస్కరించాడు.

"ఓలమ్మ! తినీసినాడే!" అంది పిన్ని. "తెలుగోలి సంబరానికి ఈ బర్మా గుంటడు పెద్దైపోనాడు!"

పద్మ మేడ మీద

మర్నాడు పొద్దున్నే పద్మ ఇంటి డాబా మీద సమావేశం పెట్టారు. కో జాకి విషయం చెప్పేసరికి బిడ్డ నీరుగారిపోయాడు. ఉమ్మేస్తానన్నాడు. రాత్రే మింగేశావు కదరా అన్నాడు అప్పన్న. పిన్ని దగ్గరకెళ్ళి అడిగొచ్చాను, తాంబూలం వెనక్కిచ్చే పద్ధతి ఏమైనా ఉందా అని. "ఇచ్చింది ఎనక్కి తీసుకుంటారేటే? పైగా నమిలీసినాడు" అంది.

సంబరంలో వాయించడం మానేద్దాం అన్నాడు కో జా. తన పేరు పైన ఉన్నందుకు భయపడలేదు, నియమం తన వల్ల చెడిందని బాధ. మానొద్దని అప్పన్న. ఆ మాట అంటుంటేనే అతని కళ్ళు ఎర్రబడ్డాయి. నేను మళ్ళీ చెయ్యెత్తాను: కో జా బదులు నా పేరు చెప్పండి, నేను ఎలాగూ వెళ్ళిపోయేదాన్ని, నా తలుపు కొట్టాలంటే విశాఖపట్నం రావాలి. గొప్ప ఉపాయం చెప్పానని అందరి మొహాలూ చూశాను. మా ఎయ్ తల అడ్డంగా ఊపింది.

"మీరు విమానం ఎక్కేస్తారు ఆంటీ. అప్పుడు అడిగేవాళ్ళు మామ్మ దగ్గరకే వస్తారు." పద్మ దీన్ని తెలుగులో చెబుతుంటే నా చెవులు వేడెక్కాయి. కోపం వచ్చింది, ఎందుకంటే ఆ పిల్ల చెప్పింది నిజం. అంత నిదానంగా, అంత మర్యాదగా నా మాట ఎవరూ కాదనలేదు ఇంతవరకూ. కాసేపు మొహం ముడుచుకుని కూర్చుని, తర్వాత నేనూ సరేనని తలూపాను.

ఎండ ఎక్కేదాకా మాట్లాడుకున్నారు. పిన్ని కింద నుంచి పునుగులు పంపింది, అవి అయిపోయాయి. మళ్ళీ పంపింది, అవీ అయిపోయాయి. ఆఖరికి మా ఎయ్ అంది: తిన్నది వెనక్కి రాదు కదా, అయితే మిగతా ముగ్గురం కూడా తినేద్దాం. ఈసారి ఎవరూ తల అడ్డంగా ఊపలేదు. వీధి మొదట్లో కూన్యా బండి ఉంటుంది, మన కిళ్ళీ కొట్టులాంటిది. అప్పన్న వెళ్ళి ఆకులు తెచ్చాడు. ముగ్గురూ పిన్ని ముందు కూర్చుని, ఆవిడ చేతుల మీదుగా పుచ్చుకుని నమిలారు. పద్మకు అలవాటు లేక దగ్గు వచ్చింది.

పిన్ని నలుగురి ఎర్రటి నోళ్ళనూ మార్చి మార్చి చూసింది. "నలుగురు పెద్దలా? మా నాయన పోర్టులో కలాసీ. ఆలకి ఒక్క మేస్త్రీ ఉంతేనే బతుకు సాలీది కాదు" అని నవ్వి, పిండి గిన్నె ముందుకు లాక్కుంది. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. పద్మకు రాత్రంతా నిద్రపట్టలేదని పొద్దున్న కళ్ళు చూస్తే తెలిసింది.

సంబరం మర్నాడు

సంబరం గురించి ఎక్కువ చెప్పను. ఘటాలు, పసుపునీళ్ళు, వేపరెమ్మలు, మనకెలాగో అక్కడా అలాగే. లుంగీలు కట్టిన బర్మా పొరుగువాళ్ళు కూడా వచ్చి అమ్మవారికి కొబ్బరికాయలు కొట్టడం ఒక్కటే నాకు కొత్త.

మర్నాడు మధ్యాహ్నం హాలుకి వెళితే గుమ్మంలో పిన్ని పీట వేసుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో పెద్ద బుట్ట, నిండా తమలపాకులు. వచ్చిన ప్రతివాళ్ళకూ ఒక ఆకు చుట్టి చేతిలో పెడుతోంది. "నోట్లో ఎట్టుకో. దాసుకోడం నేదు" అంటోంది. భోజనం తర్వాత వేసుకుంటామన్నవాళ్ళను లోపలికి వెళ్ళనివ్వడం లేదు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చొక్కాల ఫ్యాక్టరీ కుర్రాళ్ళు, అందరూ నములుకుంటూ వెళ్ళి కూర్చుంటున్నారు. నాకూ పెట్టింది. తనకు పళ్ళు లేవు కాబట్టి చిన్న రోట్లో దంచుకుని బుగ్గన పెట్టుకుంది.

"ఏమిటి పిన్నీ ఇది?" అన్నాను.

"ఎల్లి కూకో" అంది.

భోజనాలయ్యాయి. పులిహోర, గుమ్మడికాయ పులుసు, బర్మావాళ్ళ లఫెట్ అనే టీ ఆకుల పచ్చడి కూడా విస్తట్లోనే. జట్టు వేదిక ఎక్కి వైర్లు తగిలించుకుంటుండగా తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చాడు. పేట మీద సర్కారు తరఫున కన్నేసి ఉంచే వార్డు ఆఫీసు మనిషి అని పక్కావిడ నా చెవిలో చెప్పింది. హాల్లో మాటలు తగ్గాయి. అప్పన్న చేతిలో కర్రలు ఆగిపోయాయి. పిన్ని మాత్రం గుమ్మంలో ఆయనకూ ఆకు చుట్టి ఇచ్చింది. ఎనభై దాటిన ముసలమ్మ ఇచ్చిన తమలపాకును ఆ దేశంలో ఎవరూ వద్దనరు. ఆయన రెండు చేతులతో తీసుకుని నోట్లో పెట్టుకుని, జేబులోంచి కలం తీసి బర్మా భాషలో అడిగాడు. పద్మ వేదిక దిగి వచ్చి మామ్మకు తెలుగులో చెప్పింది.

"దీనికి పెద్ద ఎవులని అడుగుతన్నాడు, మామ్మా. పేరు రాసుకుంతాడంట."

పిన్ని చీర కొంగుతో పెదాలు తుడుచుకుంది.

"సెప్పవే. తాంబూలం తిన్నోలే పెద్దలు, మా ఆసారం అంతే అని సెప్పు. ఎవులు తిన్నారో ఆయన్నే సూసుకోమను."

పద్మ చెప్పింది. ఆయన హాలు వైపు తిరిగాడు. ముందు వరసలో ఒక అవ్వ బోసినోరు తెరిచి చూపించింది, ఎర్రగా ఉంది. ఆవిడ పక్కనున్నవాళ్ళు తెరిచారు. తర్వాత వరస, ఆ వెనక వరస. పకపకా నవ్వుతూ హాలంతా నోళ్ళు తెరిచింది. నేనూ తెరిచాను. వేదిక మీద కో జా అందరికంటే పెద్దగా తెరిచాడు.

"నువ్వూ తిన్నావు కద నాయనా" అంది పిన్ని. "నువ్వూ పెద్దవే."

పద్మ ఆ మాటను బర్మా భాషలోకి మార్చాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది. చెప్పేసింది. ఆయన నమలడం ఆపాడు. బుగ్గన ఉన్నదాన్ని ఇటు నుంచి అటు మార్చుకున్నాడు. తర్వాత కలం జేబులో పెట్టుకుని, "అరగంటే" అని, మొహం తిప్పుకుని వెళ్ళి చివర కుర్చీలో కూర్చున్నాడు. ఆ తిప్పుకున్న మొహంలో నవ్వుందని చూసినవాళ్ళు ప్రమాణం చేసి చెబుతున్నారు, నాకు మాత్రం కనపడలేదు.

ఇంక చూడండి. అప్పన్న కర్రలు లేచాయి. డప్పు దెబ్బా డ్రమ్ము దెబ్బా కలగలిపి వాడు వాయిస్తుంటే నా మోకాళ్ళు పట్టీలున్న సంగతి మరిచిపోయాయి. కంచె పాట, గొంతు పోయిన పాట రష్యన్‌లో పాడారు. చివరి పాటకు పద్మ మైకు దగ్గరికి వచ్చి నా వైపు చూసి, పల్లవిని తెలుగులో అందుకుంది.

"నాకు దొర నేడు! నానెవులికీ దొరని కాను!"

రెండోసారికి హాలంతా అందుకుంది. బర్మావాళ్ళు కూడా, అర్థం తెలియకపోయినా. వీళ్ళు రష్యన్ పాడినట్టే. నేను గుక్క పెట్టి ఏడుస్తూ, ఎగురుతూ పాడాను. కోల్యా ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు, ఉంటే ముసలివాడై ఉంటాడు. కిటికీలన్నీ తెరిచిన హాల్లో ఆ మాటలు వినిపిస్తున్నాయని అతనికి చెప్పాలనిపించింది.

అయ్యాక పిన్ని నన్ను పక్కకు పిలిచింది. "ఏటే సావిత్రీ, ఆ పాటలో అసలేటంతన్నారు?"

"ఒకరి మీద ఒకరు పెత్తనం చెయ్యొద్దని, పిన్నీ."

"అంతేనా? దానికి అంతలేసి అరుపులేటే!" అంది, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుంటూ.

తిరుగు దారి

నన్ను పంపడానికి మింగళాడోన్‌కు నలుగురూ వచ్చారు. నా పెట్టె ఎవరు మొయ్యాలన్న దాని మీద చర్చ మొదలైంది. అది తేలేలోగా పెట్టె నేనే లోపలికి లాక్కెళ్ళాను. గాజు తలుపుల వెనక నుంచి వెనక్కి చూస్తే ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు, అప్పన్న భుజం మీద కో జా చెయ్యి ఉంది.

అప్పన్న ఆ వారమే వెళ్ళిపోయాడు. మొన్న థాయిలాండు నుంచి ఫోన్‌లో ఒక ముక్క పంపాడు. ఏదో షెడ్డులో, పని ముగించుకున్న కుర్రాళ్ళు కొందరు ప్లాస్టిక్ బకెట్లు బోర్లించుకుని కూర్చున్నారు. వాడు తాళం నేర్పుతున్నాడు, తప్పు కొడితే అందరూ నవ్వుతున్నారు. చివర్లో ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని చెప్పాడు:

"అత్తా, మామ్మకి సెప్పు. ఈడ కూడా తమలపాకులు దొరుకుతన్నాయి."